మా రందికి ఎన్ని మార్కులు?

పోస్టు జర పెద్దగనే ఉంది. బస్సుల కూసున్నప్పుడో, రాత్రి మెస్సు అయినంకనో ఓపికగ చదవండి.

ఈ మధ్య మన పిల్లలు చదివే కాలేజీలల్ల, కోచింగ్ సెంటర్లల్ల, హాస్టళ్ళల్ల ఒక కాగితం తిరుగుతున్నది. తొమ్మిది ప్రశ్నలు ఉంటయి. ప్రతి ప్రశ్న పక్కన నాలుగు గడులు. అస్సలు లేదు అంటే సున్నా, కొన్ని రోజులు అంటే ఒకటి, సగం కంటే ఎక్కువ రోజులు అంటే రెండు, దాదాపు రోజూ అంటే మూడు. అన్నీ కూడుతరు. ఎక్కువ వస్తే "నీకు డిప్రెషన్ ఉంది" అంటరు. తక్కువ వస్తే "నువ్వు మంచిగనే ఉన్నవ్, పో, చదువుకో" అంటరు. ఈ రెండు మాటలూ ఆ కాగితం చెప్పలేదు, వీళ్ళే చెప్తున్నరు. ఆ తేడా చెప్పడానికే ఈ పోస్టు.

ముందుగల మేమెవరమో చెప్తం. పంజాగుట్ట దాటి అమీర్‌పేట దిక్కు వచ్చేటప్పుడు ఒక గల్లీలో ప్రైవేట్ హాస్టల్‌ల ఒకే రూంల ఐదుగురం ఉంటం. ఇద్దరం మహబూబాబాద్ దిక్కు లంబాడోళ్ళం, ఒకరు ఉట్నూర్ దిక్కు గోండు, ఒకరు భద్రాచలం దిక్కు కోయ. మా నలుగురి ఇండ్లల్ల డిగ్రీ గడప తొక్కింది మేమే ముందు. ఐదోవాడు చిన్నోడు. పదిహేడేండ్లు. మా తండాకు పక్క తండానే. ఇంటర్ అయినంక నీట్ కోచింగ్ కోసం వచ్చిండు, వాళ్ళ నాయన "మీ దగ్గరుంటే నాకు ధైర్యం" అని మా రూంల దింపి పోయిండు. చిన్నోడు అనే రాస్తం, పేరు రాయం. ఈ పోస్టు పెట్టే ముందు వానికి మొత్తం చదివి వినిపించినం. రెండు చోట్ల కొట్టేయమన్నడు, కొట్టేసినం.

చిన్నోని కోచింగ్ సెంటర్‌ల ఒకరోజు ఆ కాగితం పంచిండ్రు. వాని స్కోరు 3. ఇరవై ఏడుకు మూడు. అంటే ఏమీ లేనట్టే. ఆ పొద్దు సాయంత్రం వచ్చి మంచం మీద గోడ దిక్కు తిరిగి పడుకున్నడు, తిననన్నడు. అట్ల పడుకోబట్టి అప్పటికే నెల దాటింది.

ఆ కాగితం పేరు పీహెచ్‌క్యూ-9. అమెరికాలో క్రోంకె, స్పిట్జర్, విలియమ్స్ అనే ముగ్గురు 2001లో దాని లెక్కలు అచ్చు వేసిండ్రు. ఫైజర్ మందుల కంపెనీ ఇచ్చిన పైసలతో తయారైంది కానీ ఇప్పుడు ఎవరైనా ఉచితంగ వాడుకోవచ్చు, అందుకే ఇంతగనం తిరుగుతున్నది. గడిచిన రెండు వారాల సంగతే అడుగుతది. మొత్తం 27. అయిదు దాటితే తేలిక, పది దాటితే మధ్యస్థం, పదిహేను దాటితే ఇంకా గట్టిది, ఇరవై దాటితే తీవ్రం అని మెట్లు పెట్టుకున్నరు.

దీనికంటే ముందు కూడా ఇట్లాంటి కొలతలు ఉన్నయి. 1960లో మాక్స్ హామిల్టన్ అనే డాక్టర్ ఒకటి చేసిండు. అది రోగి చేతికి ఇచ్చేది కాదు, డాక్టర్ మాట్లాడుకుంట తనే నింపేది. ఆ మరుసటేడు 1961లో అమెరికాలో ఆరన్ బెక్ ఇరవై ఒక్క ప్రశ్నలతో ఇంకోటి చేసిండు, అది మనిషే నింపుకునేది. దాన్ని ఆసరా చేసుకొని మరియా కొవాక్స్ అనే ఆమె 7 నుంచి 17 ఏండ్ల పిల్లల కోసం 27 ప్రశ్నల కాగితం తయారు చేసింది. ఎందుకంటే పిల్లల బాధ పెద్దోళ్ళ బాధలెక్క కనవడదు. పీహెచ్‌క్యూకు కూడా 11 నుంచి 17 ఏండ్ల వాళ్ళ కోసం వేరే రూపం ఉన్నది. అందుల దిగులుతో పాటు చిరాకు కూడా అడుగుతరు. ఈ ఒక్క మాట మనకు చాల ముఖ్యం. మన పోరగాండ్లు ఏడ్వరు. కొట్లాడ్తరు. బక్కెట్ తన్నుతరు, ఫోన్ విసురుతరు, వార్డెన్‌కు ఎదురు మాట్లాడ్తరు. దాన్ని హాస్టళ్ళల్ల ఎవ్వరూ బాధ అనరు, "పొగరు" అంటరు. చిన్నోడు ఆ నెలల మెస్సుల ఇద్దరితో కొట్లాట పెట్టుకున్నడు. వానికి ఇచ్చిందేమో పెద్దోళ్ళ కాగితం. చిరాకు అనే మాటనే అందుల లేదు.

ఇంక మూడు ఎట్ల వచ్చింది? అడిగినం. నవ్విండు. కాగితం పైన మొదటి గీత మీద పేరు, రెండో గీత మీద రోల్ నంబర్, మూడో గీత మీద నాయన ఫోన్ నంబర్ రాయమన్నరట. నింపినంక వసూలు చేసుకున్నది ఎవరంటే, మార్కులు తక్కువొస్తే ఇంటికి ఫోన్ చేసే సారే. "ఆ సార్ చేతికిచ్చే కాగితంల మనసు రాస్తమా అన్నా? నాయనకు ఫోన్ పోతే పొలం పని ఇడిసిపెట్టి ఉరికొస్తడు" అన్నడు. అందరూ ఒకరి కాగితంలకు ఒకరు చూసుకుంట సున్నాలు పెట్టిండ్రట. ఒకడు మొత్తం మూళ్ళు పెట్టిండట, ఆ రోజు పరీక్ష తప్పించుకోవచ్చని. వానికి నిజంగ బాధ ఉందో లేదో మనకెట్ల తెలుస్తది.

ఆ సెంటర్ పేరు రాయం. పేరు రాసి లొల్లి చేసుడు మా పని కాదు, ఇట్ల జరిగేది ఒక్క దగ్గర కూడా కాదు. కొలబద్ద మంచిదే అయినా పట్టుకున్న చెయ్యి ఎవరిది అన్నదాన్ని బట్టి కొలత మారుతది. జొరం చూసే గాజుపుల్ల అబద్ధమాడదు, ఎందుకంటే దాన్ని నోట్లె పెట్టుకునేటోని ఇష్టంతోటి దానికి పనిలేదు. ఈ కాగితం అట్ల కాదు. నింపేటోడు నమ్మితేనే పనిచేస్తది.

ప్రశ్నల భాష ఇంకో సంగతి. చిన్నోని కాగితం తెలుగులనే ఉంది. మొదటి ప్రశ్నల "పనులపట్ల ఆసక్తి" అని ఏదో ఉంది. "పని అంటే ఏంది? కోచింగ్‌ల కూసునుడే కదా మా పని. దాని మీద ఆసక్తి ఎవనికి ఉంటది, అందరికీ లేదు కదా అని సున్నా పెట్టిన" అన్నడు. ఆ ప్రశ్న అడిగేది అది కాదు. ఇంతకుముందు నీకు నచ్చినవి ఇప్పుడు నచ్చుతున్నయా లేదా అని. ఆదివారం క్రికెట్ అంటే పొద్దుగాల ఐదింటికే మమ్మల్ని లేపేటోడు, నెల నుంచి బ్యాట్ ముట్టలేదు. తీజ్ పండుగకు ఇంటికి పోదాం రా అంటే "మీరు పోండ్రి" అన్నడు. తీజ్‌కు తండాకు పోని లంబాడి పిలగాడు ఉంటడా? ఆ ప్రశ్న మాలెక్క అడిగి ఉంటే సున్నా పెట్టకపోవు.

తెలుగుల డిప్రెషన్‌కు "కుంగుబాటు" అని రాస్తరు. మా ఇండ్లల్ల ఎవ్వరూ ఆ మాట అనరు. టీవీల డిప్రెషన్ అంటే మా అమ్మలకు బంగాళాఖాతంల వాయుగుండం. పత్తి తడుస్తదని పరేషాన్ అయితరు. కానీ మనదగ్గర ఒక మాట ఉన్నది. రంది. "వానికి రంది పట్టుకున్నది", "రందితోటి సగమైండు", "రంది పెట్టుకోకు బిడ్డా". రంది అంటే ఒట్టి దిగులు కాదు. ఒకే ఆలోచన తల్లకాయల తిరిగి తిరిగి, తిండి పోయి, నిద్ర పోయి, మనిషి సుక్కిపోవుడు. తొమ్మిది ప్రశ్నలల్ల సగం ఆ ఒక్క మాటలనే ఉన్నయి.

ఆఫ్రికాలో జింబాబ్వే అనే దేశం ఉంది. అక్కడి షోనా భాషల "కుఫుంగిసిసా" అంటరట. ఎక్కువ ఆలోచించుడు అని అర్థం. అచ్చం మన రంది. అక్కడ విక్రమ్ పటేల్ అనే మన దేశపు డాక్టర్, ఇంకొంతమంది కలిసి 1997లో ఒక పని చేసిండ్రు. ఇంగ్లీషు కాగితాన్ని షోనాలకు మార్చుకోలేదు. అక్కడి జనం తమ బాధను ఏ మాటలతోటి చెప్పుకుంటరో ఆ మాటలే ఏరి పద్నాలుగు ప్రశ్నలు తయారు చేసిండ్రు. అందుల ఎక్కువ ఆలోచించుడు గురించి కూడా ఉంది. తర్వాత డిక్సన్ చిబండా అనే డాక్టర్ హరారే పట్నంల దవాఖాన బయట బెంచీలు వేయించి, వాడకట్టు ముసలమ్మలకు శిక్షణ ఇచ్చి కూసోబెట్టిండు. ఆ అవ్వలు ఆ పద్నాలుగు ప్రశ్నలే అడిగి, తర్వాత కష్టం వింటరు. ఆ పద్ధతి పనిచేసిందని 2016లో పెద్ద వైద్య పత్రికల పరీక్ష ఫలితం కూడా వచ్చింది. మన తండాలల్ల, గూడేలల్ల అవ్వలకేం తక్కువ? ఒక్క మాట అడిగితే పది మాటలు రాబడ్తరు. అడిగే పద్ధతి, విన్నంక ఎక్కడికి పంపాల్నో చెప్పేటోళ్ళే కావాలె.

ఇప్పుడు మా రూం సంగతి చూడుండ్రి. ఒక రాత్రి మేం నలుగురం సరదాకు ఆ కాగితం నింపుకున్నం. మూడో ప్రశ్న నిద్ర. మా రూం కింద టిఫిన్ సెంటర్ ఉంది, పొద్దుగాల నాలుగింటికే గ్రైండర్ మొదలైతది. మాలో ఒకడు రాత్రి పన్నెండు దాకా డెలివరీ బండి నడుపుతడు. ఖైరతాబాద్ గణపతి ఉన్నన్ని రోజులు ఈ రోడ్లకు నిద్రే ఉండదు. అందరికీ రెండు, మూడు మార్కులు. అయిదోది ఆకలి. మా మెస్సు పప్పు చూస్తే ఎవనికైనా ఆకలి చస్తది. నాలుగోది అలసట. ఉట్నూర్ తమ్మునికి సికిల్ సెల్ ఉన్నది. మన గోండు, కోయ బిడ్డలల్ల ఆ రక్తపు జబ్బు ఉంటదని అందరికీ తెలుసు, 2023 జూలైలో కేంద్రం దాని మీద పెద్ద మిషన్ కూడా మొదలుపెట్టింది. వానికి అలసట దగ్గర ఎప్పుడూ మూడే. మనసుకు ఏమీ లేకున్నా మూడే. రక్తం తక్కువున్న మన ఆడపిల్లలకు కూడా అంతే. అందుకే మంచి డాక్టర్ అయితే ఈ స్కోరు చూసినంక రక్త పరీక్ష కూడా రాస్తడు.

ఆరోది ఇంకా గమ్మత్తు. నేను ఓడిపోయిన, ఇంటోళ్ళ పరువు తీసిన అనిపిస్తుందా అని అడుగుతది. నాయన రెండెకరాల మీద అప్పు తెచ్చి ఫీజు కట్టిండు. సెమిస్టర్‌ల ఒక సబ్జెక్టు పోయింది. అట్ల అనిపించకుంటేనే ఆశ్చర్యం. మాలాంటి మొదటి తరం పిల్లలకు అది రోగం కాదు, రోజూ మోసే మూట. నలుగురికి నలుగురం రెండు పెట్టినం. కూడితే ఒకరికి 9, ఒకరికి 11, ఇంకొకరికి 7, సికిల్ సెల్ తమ్మునికి 10. పది దాటినోళ్ళకు డిప్రెషన్ అంటే మా రూంల సగం మంది రోగులే. కానీ ఆ రాత్రి పన్నెండింటికి అందరం కలిసి మ్యాగీ వండుకొని, ఒకని మార్కులు చూసి ఇంకొకడు పడి పడి నవ్వినం.

అంటే స్కోరు ఒక జల్లెడ అన్నట్టు. జల్లెడ పడితే బియ్యంతో పాటు కొన్ని రాళ్ళూ నిలుస్తయి. ఎన్ని నిలుస్తయో లెక్క కూడా ఉంది. 2013లో కోల్‌కతాలో 14 నుంచి 18 ఏండ్ల విద్యార్థుల మీద ఈ కాగితాన్ని పరీక్షించిండ్రు. కాగితం ఏం చెప్తున్నది, డాక్టర్ కూసొని మాట్లాడితే ఏం తేలుతున్నది అని రెండూ పోల్చిండ్రు. ఆ పిల్లలకు 5 దగ్గర గీత గీస్తే మంచిగ పనిచేస్తదని తేలింది. నిజంగ జబ్బు ఉన్నోళ్ళు వంద మంది ఉంటే 87 మందిని పట్టింది. లేనోళ్ళు వంద మంది ఉంటే దాదాపు 80 మందిని లేదని చెప్పింది. వినడానికి బాగుంది కదా. ఇప్పుడు మన లెక్క వేద్దాం. ఒక హాస్టల్‌ల వంద మంది ఉన్నరు, అందుల నిజంగ పది మందికి జబ్బు ఉందనుకుందాం. కాగితం ఆ పదిల దాదాపు తొమ్మిది మందిని పడ్తది, ఒకడు తప్పిపోతడు. జబ్బు లేని తొంభై మందిల పద్దెనిమిది మందిని కూడా పడ్తది. మొత్తం ఇరవై ఏడు పేర్లు వార్డెన్ బల్ల మీదకొస్తయి. అందుల నిజమైనవి తొమ్మిదే. ఆ ఇరవై ఏడు పేర్లు నోటీసు బోర్డు మీద పెడితే ఏమైతదో, తప్పిపోయిన ఆ ఒక్కని గతి ఏందో ఆలోచించుండ్రి.

ఇంకో సంగతి. అమెరికాలో 13 నుంచి 17 ఏండ్ల పిల్లల మీద 2010లో ఇట్లనే పరీక్షిస్తే అక్కడ గీత 11 దగ్గర పడింది. అదే కాగితం, అవే తొమ్మిది ప్రశ్నలు. ఒక దగ్గర 5, ఒక దగ్గర 11. మరి ఆసిఫాబాద్ పిలగానికి ఎక్కడ గీస్తరు? ఏటూరునాగారం ఆశ్రమ పాఠశాల పిల్లకు ఎక్కడ గీస్తరు? నిమ్హాన్స్ వాళ్ళు 2015-16లో దేశం మీద పెద్ద మానసిక ఆరోగ్య సర్వే చేసిండ్రు. 13 నుంచి 17 ఏండ్ల పిల్లలల్ల నూటికి ఏడుగురికి పైన ఏదో ఒక మానసిక ఇబ్బంది ఉందని చెప్పింది అదే. పన్నెండు రాష్ట్రాలల్ల తిరిగిండ్రు. ఆ పన్నెండుల తెలంగాణ లేదు, ఆంధ్రా లేదు. మన గురించి ఎవరన్నా ఒక అంకె చెప్తే, అది ఎక్కడ కొలిచిందని ఒక్కసారి అడుగుండ్రి.

ఇన్ని చెప్పినం కదా, మరి కాగితం చింపేద్దామా అంటే, వద్దు. చిన్నోని సంగతి బయటపడ్డది ఆ కాగితంతోనే.

మా నవ్వులు చూసి వాడు గోడ దిక్కు నుంచి ఇటు తిరిగి "నన్ను గూడ అడుగుండ్రి" అన్నడు. ఆ మాట కోసమే ఎదురుచూసినట్టు అనిపించింది మాకు. కాగితం పక్కన పెట్టి, మా ఇద్దరికీ వాడికీ తెలిసిన గోర్‌బోలీల అడిగినం. పేరు లేదు, రోల్ నంబర్ లేదు. ప్రశ్నను ప్రశ్నలెక్క కాకుండ, తండాల అడిగినట్టు అడిగినం. యాడీతోటి ఫోన్ మాట్లాడి ఎన్ని రోజులైంది? పుస్తకం తెరిస్తే ఎన్ని లైన్లు చదువుతున్నవ్? రాత్రి ఎన్నింటిదాకా పైకప్పు చూస్తున్నవ్? చెప్పిండు. చాలసేపు చెప్పిండు. కూడితే 16. కోచింగ్ సెంటర్‌ల మూడు, రూంల పదహారు. మనిషి ఒక్కడే, కాగితం ఒక్కటే, నడుమ ఇరవై రోజులు కూడా లేవు.

మా మార్కులకు వాని మార్కులకు తేడా మొత్తంల లేదు, ఎక్కడ పడ్డయి అన్నదాంట్ల ఉంది. మావి నిద్ర, ఆకలి, అలసట దగ్గర పడ్డయి. వానివి మొదటి రెండు ప్రశ్నల దగ్గర, ఆరో దాని దగ్గర మూడు మూడు పడ్డయి. తొమ్మిదో దాని దగ్గర ఒకటి.

తొమ్మిదో ప్రశ్న గురించి కొంచెం నిలబడి చెప్పాలె. బతికి ఏం లాభం, పోతే మంచిగుండు అనే ఆలోచన గానీ, తనకు తాను హాని చేసుకోవాలనే ఆలోచన గానీ వస్తున్నదా అని అడిగే ప్రశ్న అది. చాలమంది సార్లు ఆ ప్రశ్నను కొట్టేసి పంచుతరు. అడిగితే లేని ఆలోచన పుట్టిస్తమేమో అని భయం. ఆ భయం అవసరం లేదు. న్యూయార్క్ రాష్ట్రంల ఆరు హైస్కూళ్ళల్ల రెండు వేలకు పైగా పిల్లల మీద చేసిన పరిశీలన 2005లో అచ్చయింది. అడిగినందుకు పిల్లల బాధ గానీ, అట్లాంటి ఆలోచనలు గానీ పెరగలేదని తేలింది. అడగకుంటేనే ఆ పిలగాడు ఒక్కడే ఆ ఆలోచనతోటి కూసుంటడు. 2019 ఏప్రిల్‌ల మన తెలంగాణల ఇంటర్ ఫలితాలు వచ్చినప్పుడు ఏం జరిగిందో ఇక్కడ అందరికీ యాదికుంది. ఇరవై మందికి పైగా పిల్లలు పోయిండ్రు. వాళ్ళను ఈ ప్రశ్న ముందుగల ఎవరన్నా అడిగిండ్రా?

తొమ్మిదోదాంట్ల సున్నా కాకుండ ఏది వచ్చినా, మొత్తం మూడే రానీ, ముప్పై అయినట్టే లెక్క. ఆ రోజే మాట్లాడాలె, ఆ మనిషిని ఒంటరిగ ఇడవొద్దు. మేము ఆ రాత్రే 14416కు ఫోన్ కొట్టినం. టెలి మానస్ అంటరు, 2022 అక్టోబర్‌ల కేంద్రం పెట్టింది. పైసలు పడవు, రాత్రి పగలు ఉంటది, తెలుగుల మాట్లాడ్తరు. చిన్నోడే మాట్లాడిండు. మేము మెట్ల మీద కూసున్నం, తలుపు తెరిచే ఉంచినం. ఎంతసేపు మాట్లాడిండో, ఏం మాట్లాడిండో అది వాడు కొట్టేయమన్న మొదటి చోటు.

పొద్దుగాల వాళ్ళ నాయనకు ఫోన్ చేసినం. పద్దెనిమిది నిండనోడు కదా, పెద్దోళ్ళు లేకుండ దవాఖానల నడవదు. "మీ కొడుకుకు పిచ్చి లేసింది" అన్నట్టు వినపడొద్దని గంటసేపు ఎట్ల చెప్పాల్నో మాట్లాడుకున్నం. చివరికి "బాపూ, చిన్నోనికి రంది పట్టుకుంది, డాక్టర్‌కు చూపియ్యాలె" అన్నం. ఒక్క మాటల అర్థమైంది ఆయనకు. "ఎన్ని రోజులకెల్లి?" అన్నడు. పదహారు మార్కులు, పీహెచ్‌క్యూ అని చెప్పి ఉంటే ఏం అర్థమయ్యేది!

పోయింది ఎర్రగడ్డ. అక్కడి మానసిక ఆరోగ్య సంస్థ. ఖైరతాబాద్‌ల మెట్రో ఎక్కితే ఆరో స్టేషన్, అమీర్‌పేట నుంచి అయితే మూడోది. ఇంత దగ్గర ఉన్నా ఈ ఊర్ల ఎర్రగడ్డ అంటే దవాఖాన పేరు కాదు, తిట్టు. "వీన్ని ఎర్రగడ్డల ఏయాలె" అని రోజుకు పదిసార్లు వింటం, నవ్వుతం. ఆ రోజు మెట్రోల "తదుపరి స్టేషన్ ఎర్రగడ్డ" అని వినపడంగనే చిన్నోడు టోపీ ముందుకు గుంజుకున్నడు. లోపల ఓపీ లైన్ల మాలెక్కటోళ్ళే ఉన్నరు. కాలేజీ పిల్లలు, చంటిబిడ్డ తల్లులు, టిఫిన్ డబ్బా పట్టుకొని వచ్చిన ముసలోళ్ళు.

డాక్టరమ్మ మా స్కోరు కాగితం తీసుకున్నది, ఒక్కసారి చూసింది, పక్కన పెట్టింది. తర్వాత చిన్నోనితో మాట్లాడింది, వాళ్ళ నాయనతో వేరే మాట్లాడింది, మళ్ళ చిన్నోనితో మాట్లాడింది. మంచి వార్త వింటే ఒక్క పూటన్నా మనసు తేలికైతదా అని అడిగింది. ఇంట్ల ఎవరికన్నా ఇట్ల అయిందా అని అడిగింది. బోరు ఎండిపోయిన సంగతి, అప్పు సంగతి బయటికొచ్చినయి, ఆ అప్పు తన కోచింగ్ కోసమే అని చిన్నోడు ఎన్ని రోజుల నుంచి మనసుల పెట్టుకున్నడో కూడా అక్కడే బయటపడింది. రక్త పరీక్ష రాసింది. చికిత్స ఏం చెప్పిందన్నది వాడు కొట్టేయమన్న రెండో చోటు. వచ్చేముందు మేం "మేడం, పదహారు అంటే డిప్రెషన్ ఉన్నట్టేనా" అని అడిగినం. "పదహారు అంటే నా దగ్గరికి రావాలె అని. ఉందా లేదా చెప్పేది నేను" అన్నది.

స్కోరు అసలు పనికొచ్చింది ఆ తర్వాత. రెండు వారాలకోసారి పోయినప్పుడల్లా మళ్ళ అవే తొమ్మిది అడుగుతరు. అయిదు మార్కులు తగ్గితే నిజంగ తగ్గినట్టు లెక్క వేస్తరట. 16, 14, 14, 9. మధ్యల ఆ పద్నాలుగు దగ్గర ఆగినప్పుడు వాడు "ఇంక తగ్గదు" అన్నడు. కాగితం మీద ముందు పదహారు ఉన్నది చూపించినం. తనకు తాను మంచిగైతున్న అని మనిషికి తెల్వదు, పాత కాగితం పక్కన పెడితేనే తెలుస్తది. ఇది మాత్రం ఏ అవ్వ మాట కంటే ఈ కాగితమే మంచిగ చేస్తది.

హక్కుల సంగతి కూడా తెలిసి ఉండాలె. విశాఖపట్నంల నీట్ కోచింగ్ తీసుకుంటూ చనిపోయిన పదిహేడేండ్ల అమ్మాయి కేసుల 2025 జూలై 25న సుప్రీంకోర్టు పదిహేను మార్గదర్శకాలు ఇచ్చింది. స్కూళ్ళు, కాలేజీలు, కోచింగ్ సెంటర్లు, హాస్టళ్ళు అన్నిటికీ వర్తిస్తయి. వంద మంది, అంతకంటే ఎక్కువ పిల్లలున్న చోట శిక్షణ ఉన్న కౌన్సిలర్ కనీసం ఒకరు ఉండాలె. టెలి మానస్ లాంటి నంబర్లు హాస్టళ్ళల్ల, క్లాసులల్ల పెద్ద అక్షరాలతో కనపడాలె. ఎస్సీ, ఎస్టీ లాంటి అణగారిన వర్గాల పిల్లలతో ఎట్ల మెలగాల్నో సిబ్బందికి నేర్పాలె అని కూడా అందుల రాసి ఉంది. మీ హాస్టల్‌ల ఆ నంబరు గోడ మీద ఉందా చూడుండ్రి. లేకుంటే స్కెచ్ పెన్ను పది రూపాయలు, మేమైతే మెట్ల దగ్గర రాసి పెట్టినం. అట్లనే 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 23వ సెక్షన్ ప్రకారం, చికిత్స తీసుకునేటోని సంగతులు గోప్యంగ ఉండాలె. కాగితం పంచడానికి ఎవరన్నా వస్తే మూడు మాటలు అడుగుండ్రి: పేరు ఎందుకు, కాగితం ఎవరి చేతికి పోతది, ఎక్కువ వచ్చినోన్ని ఎవరు ఎప్పుడు కలుస్తరు. మూడోదానికి జవాబు లేకుంటే ఆ కాగితం నింపి లాభం లేదు.

ఇప్పుడు ఆదివారాలు మా రూంల ఒక పని నడుస్తున్నది. ఆ తొమ్మిది ప్రశ్నలను మన భాషలల్ల ఎట్ల అడుగుతరో నోట్‌బుక్‌ల రాస్తున్నం. ఇది దవాఖాన కాగితానికి బదులు కాదు, తమ్ముళ్ళతోటి మాట కలపడానికి. గోర్‌బోలీల అయిపోయింది. కోయల ఆరు అయినయి. గోండిల రెండో ప్రశ్న దగ్గర ఆగినం. ఉట్నూర్ తమ్ముడు వాళ్ళ అవ్వకు ఫోన్ చేసి, ఏ కారణం లేకుండ మనసు బరువైతే ఏమంటరు అని అడిగిండు. అవ్వ మాట చెప్పలేదు. "ఎవరికైంది, నీకా? బస్సెక్కి రా" అని ఒకటే లొల్లి. వాడు పోయొచ్చినంక ఆ ప్రశ్న రాస్తం. కొలామీ వచ్చినోళ్ళు మా రూంల ఎవ్వరూ లేరు. ఈ గ్రూపుల ఉంటే చెప్పండి, చిన్నోడు రాసుకుంటడు. నోట్‌బుక్ వాని దగ్గరనే ఉంది.